పొరుగు రాష్ట్రపు కారు, మన ఊరి పొగ

గోదావరిఖని, రామగుండము, మంచిర్యాల ప్రాంతములలోని సింగరేణి కార్మికుల వాడలలో ఒక మార్పు స్పష్టముగా కనబడుచున్నది. ఒకప్పుడు క్వార్టరు ముందు సైకిలు నిలిచినచోట తరువాత స్కూటరు నిలిచినది. ఇప్పుడు కారు నిలుచుచున్నది. దసరాకు లాభములలో వాటా, దీపావళికి బోనసు చేతికందు రోజులలో ఇంటింట కారు మాట పుట్టును. కొత్తకారు వెలకు తూగలేనివారు పాతకారు కొరకు చూతురు. అప్పుడు మధ్యవర్తి ఒకడు వచ్చి, ఇక్కడి పాతకారు కంటె మహారాష్ట్ర కారు చౌక, దాని కంటె ఢిల్లీ కారు చౌక అని చెప్పును. ఆ మాట తరచు నిజమే. కాని ఆ చౌకదనము ఎక్కడినుండి వచ్చినది? ఆ కారు మన రాష్ట్రములో స్థిరపడుటకు ఏమి చెల్లించవలెను? దాని పొగకు మూల్యమును ఎవరు చెల్లింతురు? ఈ మూడు ప్రశ్నలను గూర్చి నేడు ముచ్చటింతము.

మొదట చట్టము మాట. గోదావరి కావలి ఒడ్డున, మహారాష్ట్రములోని సిరొంచలో, తెలుగు మాటలాడువారు ఎందరో కలరు. ఏరు దాటి పెండ్లి సంబంధములు సాగును. ఒడ్డు మారినంత మాత్రమున చుట్టరికము మారదు. కాని కారు విషయము వేరు. గడ్చిరోలి జిల్లాకు చెందిన ఎం.హెచ్. 33 గాని, చంద్రపూర్‌కు చెందిన ఎం.హెచ్. 34 గాని మోసికొని వచ్చిన బండి, పెద్దపల్లి జిల్లాలో టి.జి. 22 సంఖ్యను పొందు వరకు పొరుగు బండియే.

1988వ సంవత్సరపు మోటారు వాహనముల చట్టములోని 47వ సెక్షను ప్రకారము, ఒక రాష్ట్రములో రిజిస్టరయిన వాహనమును మరియొక రాష్ట్రములో పన్నెండు నెలలకు మించి ఉంచినచో కొత్త సంఖ్యను పొందవలెను. దానికి ముందుగా పాత రాష్ట్రపు రవాణా కార్యాలయము నుండి అభ్యంతరము లేదను పత్రము తెచ్చుకొనవలెను. దీనినే అందరును ఎన్.ఓ.సి. అందురు. ఇది 28వ నంబరు ఫారము. అమ్మినవాడు, కొన్నవాడు సంతకములు చేయవలసినవి 29, 30 నంబర్ల ఫారములు. కారుపై బ్యాంకు అప్పు మిగిలియున్నచో ఆ అప్పు తీరినట్లు 35వ నంబరు ఫారము కావలెను. ఈ కాగితములు చేతికి రాకముందే పూర్తి వెల చెల్లించినవాడు కారును కొన్నట్లు కాదు, చిక్కును కొన్నట్లు.

ఇచట పలువురు పొరబడు అంశము ఒకటి కలదు. పన్నెండు నెలల గడువు రిజిస్ట్రేషనుకు సంబంధించినది. అది కేంద్ర చట్టము. పన్ను రాష్ట్ర చట్టమునకు సంబంధించినది. మొదటిదాని గడువును చూపి రెండవదానిని వాయిదా వేయవచ్చునని తలపరాదు. కారు ఏరు దాటకముందే జిల్లా రవాణా కార్యాలయములో పన్ను ఎంత పడునో విచారించుకొనుట క్షేమము.

ఇక పన్ను. తెలంగాణములో సొంత కారుకు జీవితకాలపు పన్ను ఒకేసారి వసూలు చేయుదురు. 2022 మే నెలలో సవరించినప్పుడు రేట్లు ఇట్లుండెను. కొత్తకారు వెల 5 లక్షల లోపు అయినచో 13 శాతము. 5 నుండి 10 లక్షల వరకు 14 శాతము. 10 నుండి 20 లక్షల వరకు 17 శాతము. ఆపైన 18 శాతము. పొరుగు రాష్ట్రము నుండి వచ్చు పాతకారుకు వయస్సు పెరిగినకొద్దీ ఈ శాతము తగ్గును. అయితే ఆ శాతమును లెక్కించునది మనము మధ్యవర్తికి ఇచ్చిన వెలపై కాదు, కారు కొత్తగా ఉన్ననాటి వెలపై. రెండు లక్షలకు కారు దొరికినదని సంతోషించినవాడు, అది మొదట పది లక్షల కారు అయినచో, పన్ను కట్టునాడు ఆ పది లక్షలను తలచుకొనవలసి వచ్చును. పాత రాష్ట్రములో చెల్లించిన పన్నులో మిగిలిన భాగమును అక్కడి నియమముల ననుసరించి వాపసు కోరవచ్చును. కాని ఆ వాపసు ఎవరికి చెందునో అమ్మినవానితో ముందే వ్రాయించుకొనవలెను.

ఈ లెక్క అంతయు గమనించినచో ఒక సంగతి తేటపడును. మన పన్ను కారు వెలను చూచును, వయస్సును చూచును, పొగను చూడదు. ఎనిమిది లక్షల డీజిల్ కారుకును, ఎనిమిది లక్షల పెట్రోలు కారుకును కొత్తలో పడు పన్ను సమానమే, 1 లక్ష 12 వేల రూపాయలు. పాతబడినకొద్దీ ఎక్కువ పొగ విడుచు కారుకు పన్ను తగ్గిపోవును. పదునైదేండ్లు దాటిన బండ్లకు హరిత పన్ను అనునది ఒకటి కలదు గాని, అదియు ఏండ్లనే లెక్కించును, పొగను తూచదు. పూర్తిగా విద్యుత్తుతో నడచు బండ్లకు మాత్రము 2024 నవంబరు 18 నుండి 2026 డిసెంబరు 31 వరకు పన్ను మినహాయింపు నిచ్చుచు రాష్ట్ర ప్రభుత్వము ఉత్తరువు వెలువరించినది. అనగా పొగ లేని బండిని ఆదరించితిమి. పొగలో హెచ్చుతగ్గులను ఇంకను లెక్కలోనికి తేలేదు.

ఢిల్లీ కారు చౌకగా వచ్చుటకు కారణము ఇచటనే కలదు. పదేండ్లు దాటిన డీజిల్ బండ్లు, పదునైదేండ్లు దాటిన పెట్రోలు బండ్లు దేశ రాజధాని ప్రాంతపు రోడ్లపై తిరుగరాదని 2015లో జాతీయ హరిత ట్రిబ్యునలు ఆదేశించినది. 2018 అక్టోబరులో సుప్రీంకోర్టు దానిని అమలుపరచుమన్నది. 2025లో ఈ విషయము మరల సుప్రీంకోర్టు ముందుకు వచ్చి కొంత సడలింపు పొందినది. కాని ఈ నడుమ సంవత్సరములలో అక్కడ విలువ పడిపోయిన బండ్లు ఎన్నో ఇతర రాష్ట్రములకు దారిపట్టినవి. అక్కడి గాలికి పనికిరాదని త్రోసివేసిన బండి మన గాలికి పనికివచ్చునా? చౌక అనునది పొగ ఒక ఊరినుండి మరియొక ఊరికి మారుటకు ఇచ్చిన కూలి మాత్రమే కాదుగదా అని మనము ప్రశ్నించుకొనవలెను.

అన్ని పాతకార్లును ఒకటి కావు. వాటిని వేరుచేయునది భారత్ స్టేజి అను ప్రమాణము. 2010లో హైదరాబాదు, ఢిల్లీ మొదలైన 13 నగరములలో నాలుగవ స్టేజి మొదలయి, 2017 ఏప్రిల్ 1 నాటికి దేశమంతటికి వర్తించినది. ఐదవదానిని దాటివేసి, 2020 ఏప్రిల్ 1 నుండి ఆరవ స్టేజి వచ్చినది. డీజిల్ కారు కిలోమీటరుకు విడువదగిన నత్రజని ఆక్సైడులు నాలుగవ స్టేజిలో 250 మిల్లీగ్రాములు. ఆరవదానిలో 80 మాత్రమే. మసి 25 మిల్లీగ్రాముల నుండి నాలుగున్నరకు దిగినది. ఇంధనములో గంధకము పది లక్షల భాగములకు 50 నుండి 10కి తగ్గినది. ఒకే పేరు, ఒకే రంగు గల రెండు కార్లు ప్రక్కప్రక్కన నిలిచినను, 2019లో పుట్టినదానికిని 2021లో పుట్టినదానికిని గొట్టము చివర మూడింతల తేడా ఉండవచ్చును.

ఐర్లండు దేశములో ఈ తేడానే పన్నుకు ఆధారము చేసికొన్నారు. డబ్లినులో నివసించు తెలుగువారు బ్రిటను నుండి పాతకారు తెచ్చుకొన్నచో, 30 దినములలో దానిని రిజిస్టరు చేయించి పన్ను చెల్లించవలెను. 2008 జులై నుండి అక్కడి రిజిస్ట్రేషను పన్నుకు బొగ్గుపులుసు వాయువు కొలమానమయినది. కారు కిలోమీటరుకు ఎన్ని గ్రాముల వాయువు విడుచునో చూచి, దాని వెలలో 7 శాతము మొదలు 41 శాతము వరకు వసూలు చేయునట్లు 2022లో నిర్ణయించిరి. దీనికి తోడు 2020 నుండి నత్రజని ఆక్సైడులపై వేరు పన్ను కలదు. 2021 జనవరిలో సవరించిన లెక్క ప్రకారము మొదటి 40 మిల్లీగ్రాములకు ఒక్కొక్కదానికి 5 యూరోలు, తరువాతి 40కి 15 యూరోల చొప్పున, ఆపైన 25 యూరోల చొప్పున.

ఈ తూకములో మన కార్లను ఊహగా నిలిపి చూతము. మన ప్రమాణముల గరిష్ఠ పరిమితినే తీసికొన్నచో, ఆరవ స్టేజి పెట్రోలు కారు 60 మిల్లీగ్రాములకు 500 యూరోలు చెల్లించును. ఆరవ స్టేజి డీజిల్ కారు 80కి 800 యూరోలు. నాలుగవ స్టేజి డీజిల్ కారు 250కి 5,050 యూరోలు కావలెను. డీజిలుకు 4,850 మించరాదని హద్దు ఉన్నది గనుక అక్కడ ఆగును. మనకడ అతి తక్కువ పన్ను కట్టు బండి, అక్కడ అందరికంటె ఎక్కువ కట్టును.

ఇది న్యాయమేనా అని అడుగువారు ఉందురు. అడుగవలసిన ప్రశ్నయే. కొత్తకారు కొనగలవాడు తక్కువ పొగ పన్నుతో బయటపడును. రెండు లక్షలు కూడబెట్టి పాతకారు కొన్న కార్మికునిపై బరువు పడును. పొగ పన్ను పేదవాని కారునే వెదకికొని వచ్చునని చెప్పుటలో సత్యము లేకపోలేదు. కాని ఆ పొగను పీల్చునది ఎవరు? బంగళాలోనివారు కాదు, ఇరుకు సందులలో ఆడుకొను అదే కార్మికుని పిల్లలు. కావున అట్టి పన్ను వేయదలచినచో చాల ముందుగా ప్రకటించి, క్రమక్రమముగా వేసి, వచ్చిన ధనమును బస్సులకు, మంచి బండ్లకు మారువారి సహాయమునకు వెచ్చించుట ధర్మము.

ఇన్ని విద్యుత్కేంద్రపు చిమ్నీలు, బొగ్గు లారీలు ఉన్నచోట ఒక కారు పొగ ఏపాటిదని మరికొందరందురు. చిమ్నీ పొగ ఆకాశపుటెత్తున వెలువడును. కారు గొట్టము పసిబిడ్డ ముఖమునకు సరిసమానమైన ఎత్తున ఉండును. డీజిల్ పొగ క్యాన్సరు కలిగించునని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధన సంస్థ 2012లో నిర్ధారించినది. ఆ నిర్ధారణకు ముఖ్యమైన ఆధారములలో ఒకటి గని కార్మికులపై జరిగిన అధ్యయనమే. అమెరికాలో ఎనిమిది గనులలో, భూగర్భమున డీజిల్ యంత్రముల నడుమ పనిచేసినవారితో సహా, 12 వేలకు పైగా కార్మికుల ఆరోగ్యమును అందులో పరిశీలించిరి. గని కార్మికుల ఊపిరి ప్రపంచమునకు నేర్పిన పాఠమును గని కార్మికుల ఊరు మరువదగునా?

గల్ఫు దేశముల కారు సంగతి కూడ ఒక మాటలో చెప్పవలెను. కరీంనగరు, జగిత్యాల, పెద్దపల్లి ప్రాంతముల నుండి అక్కడికి వెళ్ళినవారు ఎందరో. అక్కడి కార్లకు స్టీరింగు ఎడమవైపు ఉండును. విదేశపు పాతకారు మన దేశమునకు రావలెనన్నచో స్టీరింగు కుడివైపు ఉండవలెను, వయస్సు మూడేండ్లకు మించరాదు. సుంకములు కారు వెలనే మించిపోవును. కావున ఆ ఆశ విడుచుట మేలు.

ఇక కొనువారికి కొన్ని సూచనలు. కారు పత్రములో భారత్ స్టేజి ఎన్నవదో చూడుడు. ముందు అద్దముపై అంటించిన చీటీని గమనింపుడు: పెట్రోలుకు లేత నీలము, డీజిలుకు నారింజ రంగు, పైన సన్నని ఆకుపచ్చ పట్టీ ఉన్నచో అది ఆరవ స్టేజి బండి. పొగ పరీక్షా పత్రమును చూచి మోసపోకుడు. ఆ పరీక్షలో డీజిలుకు పొగ నలుపును మాత్రమే చూతురు; కంటికి కనబడని నత్రజని ఆక్సైడులను కొలువరు. మరియొక ముఖ్య విషయము. ఆరవ స్టేజి డీజిల్ కార్లలో మసిని పట్టు జల్లెడ ఉండును. అందులోని మసి కాలిపోవుటకు బండి అప్పుడప్పుడు దూరము, వేగముగా పరుగెత్తవలెను. క్వార్టరు నుండి బొగ్గుబాయికి, బాయి నుండి బజారుకు తిరుగు బండిలో ఆ జల్లెడ పూడిపోవును. దానిని పీకివేయించుమని సలహా ఇచ్చువారు ఉందురు. అది చట్టవిరుద్ధము, పొగను మరల పాత స్థితికి తెచ్చుట. దగ్గరి ప్రయాణములే ఎక్కువగా గలవారికి పెట్రోలు కారే తగినది.

ప్రభుత్వము పొగను తూచు రోజు రావచ్చును, రాకపోవచ్చును. అంతవరకు ఆ తూకమును మన ఇంటిలోనే వేసికొనవచ్చును. మధ్యవర్తి చెప్పిన వెలకు ఇక్కడి పన్నును, కాగితముల ఖర్చును కలుపుడు. ఆపై, ఈ కారు ఇంటి ముందు నిలిచి విడుచు పొగను మన బిడ్డలు పీల్చుటకు ఎంత వెల కట్టుదుమో అదియు కలుపుడు. అప్పుడు కూడ చౌకగా తోచిన కారే నిజముగా చౌకయైన కారు.