ఐడిల్ స్క్రూ తిప్పే ముందు

2020 ఏప్రిల్‌లో బీఎస్-6 నిబంధనలు వచ్చాక కొత్త బైకుల్లో కార్బురేటర్ దాదాపు కనుమరుగైంది. కానీ ధరూర్ నుంచి గద్వాల దారిలో పాత బండ్లు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. బండి ఊరికే ఆగిపోతుంటే చాలామంది ఐడిల్ స్క్రూ బిగించేస్తారు. అది రోగాన్ని దాచడమే. ఆ స్క్రూ థ్రాటిల్‌ను కొంచెం తెరిచి ఉంచుతుంది, అంతే. గాలి, పెట్రోలు పాళ్లను సరిచేసేది మరో చిన్న స్క్రూ. ఇంజన్ బాగా వేడెక్కాక, చోక్ తీసేసి, ముందు ఆ చిన్న స్క్రూను నెమ్మదిగా తిప్పుతూ ఇంజన్ వేగంగా, నిలకడగా ఆడేచోట ఆపాలి. ఆ తర్వాతే ఐడిల్ తగ్గించాలి. 100 సీసీ బండ్లకు నిమిషానికి సుమారు 1400 చుట్లు చాలు.

ఎక్కువ పెడితే ఆగదు కదా అంటారు. నిజమే, కానీ నిలబడిన ప్రతిసారీ పెట్రోలు వృథా, గేరు వేస్తే కుదుపు. సరిచేసినా నిలవకపోతే కార్బురేటర్‌లోని పైలట్ జెట్ శుభ్రం చేయించండి.