మూడేళ్లలో రెట్టింపు
(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ముప్పయి మూడేళ్లు అకౌంట్సు సెక్షనులో పనిచేసిన నేను రిటైరైన మరుసటి ఏడాదే మోసపోయాను. మూడేళ్లలో సొమ్ము రెట్టింపు చేస్తామన్న ఒక ప్రైవేటు ఫైనాన్సు వారికి గ్రాట్యుటీలో రెండు లక్షలు అప్పగించాను. ఏడాది తిరగకుండానే ఆఫీసుకు తాళం పడింది. ఈ మాట మా ఇంట్లో తప్ప ఎక్కడా చెప్పలేదు. ఇవాళ చెప్పడానికి కారణం ఉంది.

ఈమధ్య మా వీధిలోని హైస్కూలు హెడ్మాస్టరుగారు ఎనిమిదో తరగతి పిల్లలకు డబ్బు సంగతులు చెప్పమని పిలిచారు. 72ను వడ్డీ శాతంతో భాగిస్తే సొమ్ము ఎన్నేళ్లకు రెట్టింపవుతుందో ఉజ్జాయింపుగా తెలుస్తుందని చెప్పాను. 8 శాతమైతే 9 ఏళ్లు. ఒక అమ్మాయి లేచి, "తాతగారూ, మూడేళ్లలో రెట్టింపంటే 24 శాతం కదా! అంత వాళ్లకి ఎక్కణ్ణుంచి వస్తుంది?" అని అడిగింది. ఆ ప్రశ్న ఆనాడు నేను అడగలేదు.

మన పిల్లలకు లెక్కలు రాక కాదు. పుస్తకంలో వడ్డీ ఏడాదికి నూటికి ఇంత శాతం. వీధిలో "రెండు రూపాయల వడ్డీ". నెలకు నూటికి రెండంటే ఏడాదికి 24 శాతమని తరగతిలో సగంమందికి తట్టలేదు. పదివేలు అప్పు తెచ్చిన ఇంట్లో ఏటా 2,400 వడ్డీకే పోతుందని అప్పుడు లెక్క వేసుకున్నారు.

తరువాతి వారం వ్యాపారం పాఠం. స్కూలు ఆటలపోటీల నాడు నలుగురు పిల్లలు నిమ్మరసం అమ్మారు. నిమ్మకాయలు, పంచదార, ఐసు, గ్లాసులకు పెట్టుబడి 600. గ్లాసు పది రూపాయల చొప్పున వంద అమ్ముదామనుకుంటే ఎనభై అమ్ముడయ్యాయి. వచ్చింది 800. "లాభం రెండు వందలు!" అని గంతులేశారు. "మీ నలుగురి కూలి ఎవరిస్తారు? మిగిలిన ఇరవై గ్లాసుల రసం ఎవరి ఖాతా?" అన్నాను. కాసేపు నిశ్శబ్దం. వ్యాపారమంటే ఏమిటో అప్పుడు తెలిసింది.

1970 దశకంలో బళ్లలో సంచయిక ఉండేది. మనలో ఉపాధ్యాయులుగా చేసినవారికి ఆ పాసుపుస్తకాలు గుర్తుండే ఉంటాయి. పదేళ్లు నిండిన పిల్లలు తమ పేరిట పొదుపు ఖాతా తెరిచి తామే నడుపుకోవడానికి రిజర్వు బ్యాంకు 2014లోనే బ్యాంకులకు అనుమతినిచ్చింది. పరిమితులు ఆయా బ్యాంకులు పెడతాయి. మనవల పుట్టినరోజుకు బొమ్మతోపాటు ఒక పాసుపుస్తకం కూడా ఇప్పించండి. అందులో జమ ఏది, ఖర్చు ఏది, వడ్డీ ఎప్పుడు పడింది అని పక్కన కూర్చుని చూపించండి.

చివరిగా ఒక మనవి. మనలో బ్యాంకువారున్నారు, ట్రెజరీవారున్నారు, పోస్టాఫీసువారున్నారు. నెలకు రెండు శనివారాలు, గంటసేపు, దగ్గరి బడికి వెళదాం. అయితే ఏ పథకానికీ ఏజెంటుగా వెళ్లకూడదు. ఎవరిచేతా ఏదీ కట్టించకూడదు.

పోయిన రెండు లక్షలు నాకు రావు. కాని ఆ అమ్మాయి ప్రశ్న ఇంకో పది ఇళ్లలో వినిపిస్తే, ఆ సొమ్ముకు కొంతైనా ప్రతిఫలం దక్కిందనుకుంటాను.