ఫవాద్ మీర్జా: ఒక రౌతు ప్రయాణం
(సంస్థ వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)





విద్య మీద పది నిమిషాలు మాట్లాడమని కార్యదర్శి గారు మమ్మల్ని అడిగారు. ఈసారి ఒక గుర్రపు రౌతు గురించి చెబుతామన్నాం. ఇందాక టీ దగ్గర ఒక పెద్దాయన ఆ మాట విని, "మాస్టారూ, అది నవాబుల ఆట. మన ఫీజుల గొడవకీ దానికీ ఏమిటి సంబంధం?" అన్నారు. నిజమే, అది డబ్బుతో కూడిన ఆట. సంబంధం ఉన్నదీ అక్కడే. కొంచెం ఓపిక పట్టమని మనవి.

ఆ రౌతు పేరు ఫవాద్ మీర్జా. 1992లో పుట్టాడు, బెంగళూరు వాడు. తండ్రి డాక్టర్ హస్నైన్ మీర్జా గుర్రాలకు వైద్యం చేసే పశువైద్యులు. తరతరాలుగా గుర్రాలతో మెలిగిన కుటుంబం. బెంగళూరుకు గుర్రాలతో అనుబంధం ఈనాటిది కాదు. ఆ ఊళ్ళో అలీ అస్కర్ రోడ్డు అని ఒకటుంది. పంతొమ్మిదో శతాబ్దంలో ఇరాన్‌లోని షిరాజ్ నుంచి గుర్రాలు తోలుకొచ్చి, వ్యాపారం చేసి, అక్కడే స్థిరపడిన ఆగా అలీ అస్కర్ పేరు అది. ఆయన మనవడే మైసూరు దివాన్ సర్ మీర్జా ఇస్మాయిల్. 1946-47లో మన హైదరాబాద్ సంస్థానానికి ప్రధానిగా పనిచేసింది కూడా ఆయనే. గుర్రాల వర్తకుడి ఇంటి నుంచి రెండు తరాల్లో దివాన్ వచ్చాడన్నమాట. సరే, మన కథలోకి వద్దాం.

ఫవాద్ ఆడే ఆటను ఈవెంటింగ్ అంటారు. ఒకే గుర్రం, ఒకే రౌతు, మూడు పరీక్షలు. మొదటిది డ్రెస్సాజ్. 60 మీటర్ల పొడవు, 20 మీటర్ల వెడల్పు ఉన్న బరిలో గుర్రం అడుగు తీసి అడుగు వేసే తీరును న్యాయనిర్ణేతలు చూస్తారు. రౌతు నోరు విప్పకూడదు. కాళ్ళతో, నడుముతో, కళ్ళెం పట్టిన వేళ్ళతోనే చెప్పాలి. రెండోది క్రాస్ కంట్రీ. మొద్దులు, గుంటలు, నీటి మడుగులు దాటుతూ కొన్ని కిలోమీటర్ల పరుగు. మూడోది జంపింగ్. తగిలితే పడిపోయే కర్రల మీదుగా దూకాలి.

మార్కులు వేసే పద్ధతి మా పంతుళ్ళకు తమాషాగా ఉంటుంది. మనం సున్నా నుంచి పైకి లెక్కిస్తాం. అక్కడ లెక్కించేవి తప్పులు. క్రాస్ కంట్రీలో గుర్రం ఒకసారి మొరాయిస్తే 20, నిర్ణీత సమయం దాటిన ప్రతి సెకనుకు 0.4, జంపింగ్‌లో ఒక కర్ర పడితే 4. తక్కువ ఉన్నవాడు గెలుస్తాడు. ఆడవాళ్ళూ మగవాళ్ళూ ఒకే పోటీలో దిగుతారు, వేరే విభాగాలు లేవు. ఇంకో నియమం మాకు బాగా నచ్చింది. పోటీకి ముందు, మళ్ళీ జంపింగ్‌కు ముందు, గుర్రాన్ని పశువైద్యుల ఎదుట నడిపించి చూపాలి. కుంటుతున్నట్టు కనిపిస్తే రౌతు ఎంత గొప్పవాడైనా ఇంటికి పోవలసిందే. నోరులేని జీవి మీద స్తోమతకు మించిన భారం మోపకూడదని మన దీన్ నేర్పిన మాట మనకు కొత్త కాదు కదా.

2014లో ఇంచియాన్ ఆసియా క్రీడలకు ఫవాద్ వెళ్ళాడు. పతకం రాలేదు. వయసు 22. అక్కడితో కథ ముగిసిపోయిన పిల్లలు మన దేశంలో చాలామంది. అతని వెనక ఒక సంస్థ నిలబడింది. బెంగళూరు వ్యాపారి జీతూ వీర్వానీ గారి ఎంబసీ సంస్థ, దానికి అనుబంధంగా నడిచే రైడింగ్ స్కూలు. గుర్రాలు కొని ఇచ్చారు, జర్మనీకి శిక్షణకు పంపారు. పతకం వచ్చాక శాలువా కప్పడానికి రాలేదు వాళ్ళు. పతకం లేనినాడే వచ్చారు.

జర్మనీలో అతనికి నేర్పిన వారిలో ఒకరు బెట్టినా హోయ్. ఈమె గురించి రెండు మాటలు చెప్పకుండా ఉండలేం. 2004 ఏథెన్స్ ఒలింపిక్స్‌లో జంపింగ్ ఆరంభ గీతను పొరపాటున రెండుసార్లు దాటింది. స్వర్ణం మెడలో పడ్డాక, ఇతర దేశాలు అప్పీలుకు వెళ్ళి గెలిచాయి. ఆమె వ్యక్తిగత స్వర్ణమూ పోయింది, జట్టు స్వర్ణమూ పోయింది. అంత దెబ్బ తిన్న మనిషి మళ్ళీ బరిలోకి వచ్చి పదేళ్ళకు పైగా స్వారీ చేసింది. ఆమె స్వారీ చేసిన గుర్రమే తరువాత ఫవాద్ చేతికి వచ్చింది. పేరు సెన్యోర్ మెడికాట్.

2018 ఆగస్టు, జకార్తా ఆసియా క్రీడలు. మెడికాట్ మీద ఫవాద్ డ్రెస్సాజ్ ముగించేసరికి 22.40 పెనాల్టీ పాయింట్లు. క్రాస్ కంట్రీలో ఒక్క తప్పూ లేదు. లెక్క అంతే ఉంది, అందరికంటే ముందున్నాడు. చివరి రోజు జంపింగ్‌లో ఒక కర్ర పడింది. 26.40 అయింది. జపాన్ రౌతు యోషియాకి ఓయివా 22.70తో స్వర్ణం తీసుకున్నాడు. ఆ కర్ర పడకపోతే 0.30 తేడాతో స్వర్ణం ఫవాద్‌దే. రజతం వచ్చింది.

ఆ రజతం విలువ తెలియాలంటే కొంచెం వెనక్కు వెళ్ళాలి. 1982 ఢిల్లీ ఆసియా క్రీడల్లో ఈవెంటింగ్‌లో మూడు పతకాలూ మనవే. రఘువీర్ సింగ్ స్వర్ణం, గులామ్ మొహమ్మద్ ఖాన్ రజతం, ప్రహ్లాద్ సింగ్ కాంస్యం. ఆ తరువాత వ్యక్తిగత పతకం కోసం 36 ఏళ్ళు ఎదురుచూడవలసి వచ్చింది. జకార్తాలో రాకేశ్ కుమార్, ఆశిష్ మలిక్, జితేందర్ సింగ్‌లతో కలిసి జట్టు రజతం కూడా సాధించారు. 2019లో ఫవాద్‌కు అర్జున పురస్కారం లభించింది.

అదే ఏడాది ఒలింపిక్స్ అర్హత. ఆగ్నేయాసియా, ఓషియానియా దేశాలున్న గ్రూపులో రెండు గుర్రాల మీద 64 పాయింట్లు సాధించి మొదటి స్థానంలో నిలిచాడు. ఫెర్న్‌హిల్ ఫేస్‌టైమ్ అనే గుర్రం మీద 34, టచింగ్‌వుడ్ అనే గుర్రం మీద 30. తరువాత కరోనా వచ్చింది, ఒలింపిక్స్ ఏడాది వాయిదా పడ్డాయి. మెడికాట్ గాయపడి కొంతకాలం పోటీలకు దూరమైంది. ఫవాద్ జర్మనీలోనే ఉండిపోయి, ప్రపంచ చాంపియన్‌గా గెలిచిన సాండ్రా ఆఫార్త్ దగ్గర సాధన కొనసాగించాడు.

దాతలు ఇక్కడ కొంచెం ఆగి ఆలోచించాలి. గాయపడిన గుర్రం పరుగెత్తదు, పతకం తేదు, పత్రికల్లో ఫొటో రాదు. మేత మాత్రం రోజూ కావాలి. వైద్యుడు రావాలి, సైసు జీతం ఇవ్వాలి. గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదని మనవాళ్ళు ఊరికే అనలేదు. ఆ రోజుల్లో ఖర్చు భరించినవారు చెయ్యి వెనక్కు తీసుకుని ఉంటే టోక్యో లేదు.

టోక్యోకు మొదట దజారా అనే గుర్రాన్ని అనుకున్నారు. చివరకు కోలుకున్న మెడికాట్‌నే తీసుకెళ్ళారు. అప్పటికి దాని వయసు 15 ఏళ్ళు. 2000లో సిడ్నీలో ఇంతియాజ్ అనీస్ తరువాత ఒలింపిక్స్ బరిలోకి వచ్చిన భారతీయ రౌతు ఫవాదే. డ్రెస్సాజ్‌లో 28 పాయింట్లతో తొమ్మిదో స్థానం. క్రాస్ కంట్రీలో 11.20 పెనాల్టీ పడింది, అంటే సరిగ్గా 28 సెకన్ల ఆలస్యం. లెక్క కట్టి చూడండి పిల్లలూ. 22వ స్థానానికి జారాడు. జంపింగ్ మొదటి రౌండులో రెండు కర్రలు పడ్డాయి. ఫైనల్‌కు 25 మందినే తీసుకుంటారు. ఇతనిది 25వ పేరు. ఫైనల్‌లో మరో 12.40. మొత్తం 59.60తో 23వ స్థానం. ఇంతియాజ్ అనీస్ సిడ్నీలో నిలిచింది కూడా 23వ స్థానంలోనే.

ఇరవై మూడో స్థానానికి సన్మానమేమిటని మనలో కొందరికి అనిపించవచ్చు. మా వృత్తిలో మేమూ ఆ తప్పు చేశాం. మొదటి ముగ్గురి ఫొటోలే నోటీసు బోర్డు మీద పెట్టాం.

మా ఊరి రైల్వే స్టేషను ముందు ఒకప్పుడు జట్కా బండ్ల స్టాండు ఉండేది. పెద్దలకు గుర్తుండే ఉంటుంది. తోలేవారిలో ఎక్కువమంది మనవాళ్ళే. ఉడకబెట్టిన ఉలవలు గుర్రానికి పెట్టాకే తాము అన్నం ముందు కూర్చునే సాయిబులు. ఆటోలు వచ్చాక ఆ స్టాండు పోయింది. అలాంటి ఒక జట్కా సాయిబు మనవడు మా దగ్గర చదివాడు. లెక్కల్లో చురుకు. పదో తరగతి మంచి మార్కులతో ప్యాసయ్యాడు. ఇలాంటి సభలోనే, ఇలాంటి వేదిక మీదే, వాడి చేతిలో చెక్కు పెట్టించాం, చప్పట్లు కొట్టించాం, ఫొటో తీయించాం. ఇంటర్ మొదటి ఏడాది ఫీజు తీరింది. రెండో ఏడాది తండ్రికి జబ్బు చేసింది, బస్సు పాసుకూ హాస్టలు మెస్సుకూ డబ్బులేక ఇంటికి వచ్చేశాడు. ఆ సంగతి మాకు తెలిసింది రెండేళ్ళ తరువాత, స్కూటర్ బాగుచేయించుకోవడానికి షెడ్డుకు వెళ్ళినప్పుడు. నూనె చేతులు తుడుచుకుని సలాం చేశాడు. "సార్, అడగడానికి సిగ్గేసింది" అన్నాడు. వాడు అడగలేదు సరే, మేమెందుకు అడగలేదు? మెకానిక్ పని తక్కువదని మేమనడం లేదు. వాడు చదవాలనుకున్నది అది కాదు.

ఖురాన్‌లో నూరవ సూరా అల్ ఆదియాత్. పదకొండే ఆయతులు. పరుగులు తీసే గుర్రాల మీద ప్రమాణంతో మొదలవుతుంది. మన పిల్లలందరికీ కంఠతా వచ్చు. గుర్రాల పరుగు కాగానే మాట మనిషి వైపు తిరుగుతుంది. ప్రభువు పట్ల అతని కృతఘ్నత గురించి, సంపద మీద అతని మక్కువ గురించి చెబుతుంది. గుర్రాన్ని చెప్పి వెంటనే మనిషిని ఎందుకు చెప్పారో మా ఉస్తాద్ గారు చిన్నప్పుడు వివరించారు. యజమాని పెట్టిన పిడికెడు దాణాకు గుర్రం ప్రాణం పెట్టి పరుగెత్తుతుందని, మనిషి మరిచిపోతాడని. షెడ్డు నుంచి ఇంటికి వస్తూ దారి పొడుగునా ఆ మాటే గుర్తొచ్చింది.

కాబట్టి ఈ సభ ముందు మా కోరిక ఒక్కటే. ఈ ఏడాది కొత్తగా ఎంతమందికి ఉపకార వేతనం ఇచ్చామన్న సంఖ్య కొంచెం తగ్గినా పరవాలేదు. తీసుకున్న పిల్లవాణ్ణి కోర్సు పూర్తయ్యేదాకా వదలవద్దు. ఒక సబ్జెక్టు తప్పినా, ఒక సెమిస్టరు పోయినా, ఆ ఏడాది పేరు కొట్టివేయవద్దు. ఒక్కో పిల్లవాడికి ఒక్కో దాత, నెలకోసారి ఫోను. బస్సు పాసు, మెస్సు, అమ్మాయిలకు హాస్టలు దాకా తోడు వచ్చేవారి చార్జీలు, ఇవన్నీ ఫీజుతో పాటే లెక్కలో రాయండి. ఆటల్లో చురుకైన పిల్లలకు బూట్లు కూడా.

పోయిన ఏడాది ఈ వేదిక మీద చెక్కులు అందుకున్న వారిలో ఈసారి రానివారి పేర్లు ఒక కాగితం మీద రాసి తెచ్చాం. వారి ఇళ్ళ చిరునామాలు కూడా కనుక్కున్నాం. కాగితం కార్యదర్శి గారికి ఇస్తున్నాం. భోజనాలయ్యాక మాతో రాగలిగినవారు ఒక ఇద్దరు ముగ్గురు ఉంటే, ఈ సాయంత్రమే రెండు ఇళ్ళకు వెళ్ళి వద్దాం, ఇన్షా అల్లాహ్. అసర్ నమాజు తరువాత గేటు దగ్గర ఉంటాం.