సంతకం పెట్టే ముందు
(సొసైటీ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



మేము ఉర్దూ బడిలో పాఠాలు చెప్పుకునేవాళ్ళమే గాని డాక్టర్లము కాము. అయినా గుంటూరు పెద్దాసుపత్రిలోనో ఒంగోలులోనో మనవాళ్ళెవరైనా ప్రమాదస్థితిలో ఉంటే, "మాస్టారూ, ఇంగ్లీషు కాగితం ఇచ్చారు, చదివి చెప్పండి" అని మనుషులు వస్తారు. ఆ కాగితాలు ముఖ్యంగా రెండు రకాలు. వెంటిలేటర్ పెట్టడానికి ఒప్పుకుంటున్నామనేది ఒకటి. డాక్టర్ల సలహా కాదని మేమే తీసుకుపోతున్నామనేది రెండోది. దేని మీద సంతకం పెట్టాలో వరండాలో నిలబడి తేల్చుకోవలసి వస్తుంది. గట్టిగా మాట్లాడినవారి మాట నెగ్గుతుంది. రోగిని రాత్రింబవళ్ళు కనిపెట్టుకొని ఉన్న తల్లినో భార్యనో అడిగేవారుండరు.

మన పత్తి, మిరప పొలాల సీమలో పురుగుమందు కేసులు కొత్తవి కావు. 1987-88లో ప్రకాశం జిల్లా పత్తి రైతుల ఆత్మహత్యలు పెద్దలకు జ్ఞాపకమే. పిచికారీ చేస్తూ మందు ఒంటబట్టి పడిపోయినవారూ ఉన్నారు. మోనోక్రోటోఫాస్ వంటి మందు లోపలికి పోయినప్పుడు అట్రోపిన్ ఇంజక్షన్లతో మొదటిరోజు మనిషి తేరుకున్నట్లే కనిపిస్తాడు. తర్వాత, ఒకటి నుంచి నాలుగు రోజుల లోపల, కొందరికి మెడ లేవదు, ఊపిరి తీసే కండరాలు చచ్చుబడతాయి. చూసేవారికి అంతా అయిపోయిందనిపిస్తుంది. "ఇంకా మిషనుతో హింస ఎందుకు, ఇంటికి తీసుకుపోదాం" అంటారు. నిజానికి ఆ కండరాలకు బలం తిరిగి రావడానికి ఒకటి రెండు వారాలు, ఒక్కోసారి మూడు వారాలు పడుతుంది. అంతవరకు మిషను ఊపిరి పోస్తే మనిషి తన కాళ్ళతో ఇంటికి నడిచి రావచ్చును. ఇక్కడ మిషను వాగు మీద వంతెన వంటిది. సగం దాటినవాడి కింద నుంచి వంతెన లాగివేస్తామా?

గడ్డిమందు సంగతి వేరు. పారాక్వాట్‌కు విరుగుడు లేదు. ఊపిరితిత్తులు గట్టిపడిపోయాక మిషను వాటిని బాగుచేయలేదు. ఒళ్ళంతా పాకిన కాన్సరు చివరి రోజులూ అంతే. అప్పుడు నొప్పి, ఆయాసం తగ్గించే మందులివ్వడం, మనవాళ్ళు పక్కన ఉండడం, ఇదీ వైద్యమే. పొలం తాకట్టు పెట్టి మిషను మీద ఉంచలేదని ఆ ఇంటివారిని ఎవరూ నిందించరాదు. బంధువుల నోళ్ళు ఊరుకోవనుకోండి, అది వేరే జబ్బు.

కనుక డాక్టరు గారిని "బతుకుతాడా?" అని అడిగితే "చెప్పలేము" అంటారు. అది ఆయన తప్పు కాదు, మన ప్రశ్నే అటువంటిది. ఇట్లా అడిగి చూడండి: ఇది నయమయ్యే జబ్బేనా, నయమయ్యేదాకా నిలిపి ఉంచడానికా ఈ మిషను? ఎన్ని రోజుల్లో తెలుస్తుంది? ఏ గుర్తు చూసి చెబుతారు? లేచినా ఎట్లా ఉంటాడు? ఖర్చు సంగతి కూడా సిగ్గుపడకుండా అడగండి. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై ఇప్పుడు వేరే పేరుతో నడుస్తున్న సర్కారు పథకంలో ఆ జబ్బు ఉన్నదో లేదో మొదటిరోజే కనుక్కోండి.

మరి రోగి ఏమనుకుంటున్నాడు? 2004లో హైదరాబాదులో వెంకటేశ్ అనే పాతికేళ్ళ చదరంగం ఆటగాడు కండరాలు క్షీణించే జబ్బుతో ఆసుపత్రిలో మిషను మీద ఉన్నాడు. తన అవయవాలు పాడుకాకముందే తీసి ఇతరులకివ్వాలని కోరాడు. తల్లి హైకోర్టుకు వెళ్ళింది. మెదడు చనిపోకముందు అట్లా తీయడానికి 1994 చట్టం ఒప్పదు గనుక కోర్టు కాదన్నది. ఆ డిసెంబరులోనే అతను పోయాడు. కోర్టు తీర్పుకు కారణమున్నది. మాకు నిలిచిపోయింది మాత్రం, కొడుకు తన కోరిక నోరు విప్పి చెప్పడం, తల్లి దాన్ని తన దుఃఖం కింద పూడ్చిపెట్టకపోవడం.

తర్వాత 2018 మార్చి 9న సుప్రీంకోర్టు, కోలుకునే ఆశ లేనప్పుడు తనకు ఏ చికిత్స వద్దో మనిషి ముందే రాసిపెట్టుకోవచ్చునన్నది. 2023 జనవరిలో పద్ధతి తేలిక చేసింది. ఇద్దరు సాక్షులు, నోటరీ లేదా గజిటెడ్ అధికారి సంతకం చాలును. మన తరఫున ఎవరు మాట్లాడాలో అందులో పేరు రాయాలి. అయినా మిషను తీయాలంటే ఆసుపత్రిలో రెండు డాక్టర్ల బోర్డులు ఒప్పుకోవాలి. కాగితం లేకున్నా, రోగి చెప్పలేని స్థితిలో, ఇంటివారి సమ్మతితో ఇదే దారి ఉన్నది. ప్రాణం తీసే ఇంజక్షను మాత్రం ఇప్పటికీ నేరమే.

దీన్ ఒప్పుతుందా అని అడుగుతారు. ఫత్వా ఇవ్వడం మా పని కాదు, మౌలానా సాహెబులున్నారు. తెలిసినంత చెబుతాము. 1986లో అమ్మాన్‌లో కూడిన అంతర్జాతీయ ఫిఖహ్ అకాడమీ, మెదడు పూర్తిగా, తిరిగిరాని విధంగా ఆగిపోయిందని నిపుణులు తేల్చాక మిషను తీయవచ్చునన్నది. 1992లో జిద్దాలో, ప్రాణాపాయపు తొందరలో తప్ప, తెలివిలో ఉన్న రోగి అనుమతి తీసుకునే వైద్యం చేయాలన్నది.

ఇంట్లో అబ్బా, నానీ తెలివిగా, ఆరోగ్యంగా ఉన్నప్పుడే ఈ మాట ఎత్తండి. అపశకునమని అమ్మీ కోప్పడవచ్చు, నాలుగు రోజులాగి మళ్ళీ ఎత్తండి. ఆ కాగితం ఎట్లా రాయాలో చూపమంటే తెలుగులో గాని ఉర్దూలో గాని మేము రాసిపెడతాము. వైద్యం గురించిన ప్రశ్నలేమైనా ఉంటే, ముందు వరుసలో డాక్టరు గారు కూర్చున్నారు, వారిని అడగండి.