పరోపకారం ఎందుకు?



ఈ ఉదయం మా పొరుగు మరాఠీ ఇల్లాలు పచ్చడికని వేపపూత తానే కోసి తెచ్చి ఇచ్చారు. ఆమెకూ ఇది గుడీ పాడ్వా. పనులు ఆమెకూ ఉన్నవి. ప్రతిఫలం కోరక మనిషి ఎందుకు సాయపడతాడు?

మన చంద్రపూర్ జిల్లా వరోరాలో బాబా ఆమ్టేగారు ఒకనాడు వానలో పడియున్న తుల్షీరాం అనే కుష్ఠురోగిని చూచి, భయపడి పారిపోయారు. ఆ భయం ఆయనను నిలువనీయలేదు. తిరిగి వెళ్ళి సేవ చేశారు. 1949లో వెలసిన ఆనందవనానికి బీజమదే. తాను పూనుకొన్నది పరోపకారానికి కాదు, భయాన్ని జయించటానికేనని ఆయనే చెప్పుకొన్నారు.

అంటే అదీ స్వార్థమేనా? కాదనటానికి అమెరికాలో డేనియల్ బాట్సన్ 1981లో ఒక పరీక్ష ప్రకటించారు. కరెంటు షాకులకు బాధపడుతున్నట్లు నటించే యువతిని విద్యార్థినులకు చూపి, ఆమెకు బదులు మీరు కూర్చుంటారా అని అడిగారు. లేచిపోయే వీలున్నా, ఆమె అభిరుచులు తమవంటివేనని నమ్మినవారిలో అధికులు కూర్చుంటామన్నారు. తమ మనసు నొప్పి తప్పించుకోవటమే కావలసివస్తే తలుపు తెరిచే ఉన్నదిగదా! అట్లు నమ్మనివారిలో మాత్రం చాలామంది వెళ్ళిపోయారు.

నాకు చిక్కు ఇక్కడే. ఆమ్టేగారికి ఆ రోగి మొదట తనవంటివాడుగా తోచనే లేదు. మా పొరుగామెకు తెలుగు రాదు. నా మరాఠీ సంగతి మీకు తెలిసినదే. అయినా ఎట్లాగో అడిగితిని, ఎందుకమ్మా ఈ శ్రమ అని. చెట్టు నిండా పూత ఉన్నదిగా అన్నారు.