గాజుతొట్టిలో సముద్రపు గుర్రం

బొమ్మల పుస్తకంలో సముద్రపు గుర్రాన్ని చూసి, గాజుతొట్టిలో పెంచుదామమ్మా అని పిల్లలు మారాం చేస్తారు. ముద్దొచ్చే చేపే! గుడ్లను పొట్టమీది సంచిలో మోసి, పిల్లల్ని కనేది మగదే. ఈ మాట మీవారి చెవిన కూడా వెయ్యండి. కాని దానికి జీర్ణాశయం లేదు. తిన్నది నిలవదు, రోజుకు పలుమార్లు సన్నరొయ్యల మేత పడాలి. నీళ్లా, ఉప్పునీళ్లు. పైగా 2001 నుంచి వన్యప్రాణి చట్టం రక్షణలో ఉంది. పట్టినా, కొన్నా నేరమే. ఎవరైనా చాటుగా అమ్మజూపితే వద్దనండి.

మరి పిల్లల సరదా ఎలా తీరుతుందంటారా? మన పిడుగురాళ్లది సున్నపురాయి నేల. బోరునీళ్లు కాచిన గిన్నెకు తెల్లపొర కడుతుంది చూశారూ, అలాంటి నీళ్లే గప్పీ చేపలకు హితవు. వారానికోసారి పావువంతు నీళ్లు మార్చండి, మొత్తం పారబొయ్యకండి. గప్పీలూ పిల్లల్నే కంటాయి. కన్నతల్లే వాటిని మింగేస్తుంది సుమండీ, కాస్త నాచు వేసి ఉంచితే అందులో దాక్కుంటాయి.