నలుగురు రౌతులు – నాలుగు గుఱ్ఱములు

(మన సంఘపు గోష్ఠిలో ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగపాఠము)



క్రిందటి గోష్ఠి ముగిసి అందఱును లేచుచుండగా ఒక చిరంజీవి నా కడకు వచ్చి, "తాతగారూ, గుఱ్ఱపు పోటీలో గెలుపు గుఱ్ఱముదా, రౌతుదా?" అని యడిగెను. నేను నవ్వి "ఇద్దఱిదియు" అని తప్పించుకొంటిని. ఇల్లు చేరిన పిమ్మట ఆ సమాధానము నాకే రుచింపలేదు. ఇద్దఱిదియు ననుట సులభము. ఎవరిది యెంతయో తేల్చుట కష్టము. ఆ కష్టమైన పనిని అఱువదియేండ్లకు పైగా ఒక క్రీడవారు చేసి చూచిరి. చేసి చేసి, తుదకు మానివేసిరి. ఎందులకు చేసిరో, ఎందులకు మానిరో విన్నవించుటయే నేటి నా ప్రసంగవిషయము.

నాందేడు వారికి గుఱ్ఱమును గూర్చి క్రొత్తగా చెప్పవలసిన పని లేదు. 1708లో గురు గోవింద సింహుడు ఈ గోదావరీ తీరముననే దేహము చాలించెను. ఆ మహనీయుని అశ్వముల సంతతిగా భావింపబడు గుఱ్ఱములను సచ్‌ఖండ్ గురుద్వారమువారు నేటికిని భక్తితో పోషించుచున్నారు. దసరానాడును, హోలా మహల్లానాడును అవి అలంకృతములై ఊరేగింపున నడచును. వానిపై నెవ్వరును ఎక్కరు. ఇక లోహా తాలూకాలోని మాళేగామున మార్గశిర మాసము చివర జరుగు ఖండోబా జాతరకు మన కుటుంబములవారు తరతరములుగా పోవుచునేయున్నారు. అచటి గుఱ్ఱముల బేరము చూడని వారు ఈ సభలో అరుదు. అమ్మకందారు తన గుఱ్ఱముపై తానెక్కి కదను త్రొక్కించి చూపును. అది చూచి మురిసి పైకము చెల్లించువాడు అమాయకుడు. అనుభవశాలియైన కొనుగోలుదారు, "దిగుము నాయనా, నన్నొకసారి ఎక్కనిమ్ము" అనును. యజమాని క్రింద చక్కగా నడచిన గుఱ్ఱము క్రొత్తవాని క్రింద ఎట్లు నడచునో చూచినగాని దాని గుణము తెలియదు. క్రొత్తవాని గుణమును అప్పుడే తెలియును.

ఈ జాతర వివేకమునే ఐరోపావారు ఒక మహాక్రీడకు నియమముగా చేసిరి. గుఱ్ఱముపై నెక్కి, దూలములు పేర్చిన అడ్డంకులను వరుసగా దాటించు పోటీ యొకటి కలదు. దూలము పడినచో దోషాంకములు నాలుగు. అతి తక్కువ దోషములు గలవాడు విజేత. ఈ పోటీకి ప్రపంచ విజేతను నిర్ణయించుట 1953లో పారిస్ నగరమున ఆరంభమయ్యెను. అప్పుడే ఒక సందేహము వచ్చెను. ధనవంతుడు గొప్ప గుఱ్ఱమును కొని తెచ్చినచో, కిరీటము రౌతు నేర్పునకా, ఆ ధనమునకా? దీనికి వారు కనుగొనిన ఉపాయమిది: తొలి పోటీలలో మేటిగా నిలిచిన నలుగురను తుదిపోటీకి పిలుతురు. ప్రతి రౌతును మొదట తన గుఱ్ఱముతో దాటవలెను. పిదప మిగిలిన మువ్వుర గుఱ్ఱములను ఒకదాని తరువాత ఒకటిగా ఎక్కి అదే మార్గమును దాటవలెను. పరిచయమునకు కొద్ది నిమిషముల వ్యవధి మాత్రమే. నలుగురు రౌతులు, నాలుగు గుఱ్ఱములు, పదునాఱు దాటుళ్లు. ఈ పదునాఱింటిలోను తక్కువ దోషములు గలవాడే ప్రపంచ విజేత.

ఆ మొదటి యేడు స్పెయిన్ దేశీయుడగు ఫ్రాన్సిస్కో గొయోయాగా గెలిచెను. మఱుసటి యేడు మాడ్రిడ్‌లో జర్మనీకి చెందిన హాన్స్ గుంటర్ వింక్లర్ గెలిచి, 1955లో ఆఖెన్ నగరమున మఱల గెలిచెను. ఇటలీ అశ్వికుడు రైమొండో దీన్‌జెయో 1956లోను, 1960లోను విజేతయయ్యెను. ఆ రెండు పర్యాయములును అతని గుఱ్ఱములు వేఱు: ఒకసారి మెరానో, మఱియొకసారి గౌరన్ గర్ల్.

వింక్లర్ పేరు చెప్పినప్పుడు అతని ఆడుగుఱ్ఱము హల్లాను స్మరింపకుండ ఉండజాలము. 1956 ఒలింపిక్స్ మెల్‌బోర్న్‌లో జరిగినను, ఆస్ట్రేలియా దేశపు పశునిర్బంధ నియమముల వలన అశ్వక్రీడలను మాత్రము స్టాక్‌హోమ్‌లో జరిపిరి. మొదటి దాటుటలో వింక్లర్‌కు గజ్జలో తీవ్రమైన గాయమయ్యెను. రెండవసారి బాధతో కూర్చుండుటయే అతనికి కష్టమయ్యెను. హల్లా తన రౌతును మోసికొని ఒక్క దోషమును లేక అన్ని అడ్డంకులను దాటెను, స్వర్ణపతకము వచ్చెను. ఇది గుఱ్ఱపు గెలుపని ఎవ్వరైనను ఒప్పుకొనవలెను.

రౌతు గెలుపునకు సాక్ష్యము 1986 నాటి ఆఖెన్ తుదిపోటీ. పురుషులతో సమానముగా స్త్రీలును ఈ పోటీలో పాల్గొనుటకు 1978లో గాని అవకాశము కలుగలేదు. అంతకు పూర్వము వారికి వేఱుగా పోటీలు జరుగుచుండెను. 1986లో తుది నలుగురిలో కెనడా యువతి గెయిల్ గ్రీనఫ్ నిలిచెను. తక్కిన మువ్వురును ప్రసిద్ధులే: అమెరికాకు చెందిన కాన్రాడ్ హోమ్‌ఫెల్డ్, ఇంగ్లండుకు చెందిన నిక్ స్కెల్టన్, ఫ్రాన్సుకు చెందిన పియర్ డ్యూరాన్. వారి గుఱ్ఱములు వరుసగా అబ్దుల్లా, అపోలో, జప్పెలూ. అబ్దుల్లా తెల్లని మగగుఱ్ఱము. జప్పెలూ చిన్న ఆకారము గలది, తన యిష్టము వచ్చినట్లు పోవునది. ఇట్టి భిన్నస్వభావముల గుఱ్ఱములను ఆమె ఒకే దినమున ఎక్కెను. తన మిస్టర్ టీతో కలిపి నాలుగింటిపైనను ఒక్క దూలమైనను పడలేదు. ఒక్క దోషాంకమును లేక తుదిపోటీ ముగించి ప్రపంచ కిరీటము పొందిన తొలి స్త్రీ ఆమెయే. ఆమె గెలుపును గుఱ్ఱమునకు ఆపాదింప వీలులేదు. నాలుగు గుఱ్ఱములును అందఱికిని సమానమే గదా!

ఇచట మన నలోపాఖ్యానము జ్ఞప్తికి రాక మానదు. బాహుకుడను పేర దాగిన నలుడు ఋతుపర్ణ మహారాజు అశ్వశాల నుండి బక్కచిక్కిన గుఱ్ఱములను ఎన్నుకొనెను. "ఇవి మనలను విదర్భకు చేర్చునా?" అని రాజు శంకించెను. అవి నలుడు పెంచిన గుఱ్ఱములు కావు, రాజుగారివి. అయినను వాని లక్షణము లెఱిగి, బుజ్జగించి, పగ్గములు పట్టెను. రాజు ఉత్తరీయము జారిపడెనని చెప్పులోపల రథము యోజనము దూరము సాగిపోయెను. దారిలో తాండ్రచెట్టు నీడన రాజు తన అక్షహృదయమును నలునికిచ్చెను. నలుని అశ్వహృదయము తరువాత రాజునకు దక్కెను. వారు గుఱ్ఱములను మార్చుకొనలేదు, విద్యలను మార్చుకొనిరి. మన కిన్‌వట్ వైపు పైనగంగ దాటినచో వచ్చునది ఆ విదర్భ భూమియే. ఆ విద్యకు అశ్వహృదయమని పేరిడిన పెద్దల వివేకమును గమనింపుడు, అశ్వబలమనలేదు, అశ్వవేగమనలేదు.

హృదయము మాట వచ్చినది గనుక నా తప్పొకటి చెప్పుకొందును. నాకు పండ్రెండేండ్ల ప్రాయమున మా పొరుగున ఒక కాకా ఉండెను. ఆయనకు సరకులు మోయు తట్టుగుఱ్ఱమొకటి కలదు. ఆయన కూర్చుండినచో అది గొఱ్ఱెవలె నడచును. ఒకనాడు బతిమాలి ఎక్కితిని. అది కొంచెము వేగము పుంజుకొనగానే నాకు భయమై పగ్గములను బలముగా లాగితిని. నేను లాగినకొలది అది తల ఎగురవైచెను. తుదకు నేను ముండ్ల కంపలో పడితిని. కాకా పరుగెత్తి వచ్చెను. నన్ను లేవదీయునని చూచితిని. ఆయన నన్ను దాటి పోయి, గుఱ్ఱము నోరు తెఱచి, కళ్ళెము ఒరసిన పెదవి మూలను వ్రేలితో తడవి చూచెను. రక్తము కనబడెను. అప్పుడు గాని నా వైపు తిరుగలేదు. "నీకు నొప్పియైనచో చెప్పుదువు. ఇది చెప్పలేదు. రేపు వచ్చి ముందు దీనికి నీళ్లు పెట్టుట నేర్చుకొనుము" అనెను. అంతకు మించి ఒక్క మాట అనలేదు. మఱునాడు పోయితిని, నెల దినములు నీళ్లు పెట్టిన తరువాతనే మఱల ఎక్కనిచ్చెను.

ఇక ఆ పోటీ ఏల ఆగెనో చెప్పెదను. మార్పిడి పద్ధతి రౌతునకు న్యాయము చేసెను. నలుగురి క్రిందను చక్కగా దాటిన గుఱ్ఱమునకు ఉత్తమాశ్వమని గౌరవమును కలుగుచుండెను. అట్టి గుఱ్ఱమును తీర్చిన యజమానికి అది నిజముగా కీర్తియే. కాని లెక్క చూడుడు: రౌతు నాలుగుసార్లు దాటినచో, గుఱ్ఱమును నాలుగుసార్లు దాటవలెను. అంతకు ముందు దినములలో కఠినమైన పోటీలను దాటి అలసిన గుఱ్ఱమది. పైగా పరిచయములేని ముగ్గురి చేతులు, ముగ్గురి బరువులు, ముగ్గురి తొందరలు. యజమానులు వెనుకాడసాగిరి. 2014లో ఫ్రాన్సులోని కాన్ నగరమున జరిగిన తుదిపోటీయే చివరిది; అందు నెదర్లాండ్స్ దేశీయుడు యెరున్ డుబ్బెల్డామ్ గెలిచెను. 2018లో అమెరికాలోని ట్రయన్‌లో మార్పిడి లేకయే ప్రపంచ పోటీ జరిగెను. తన గుఱ్ఱము ఆలిస్‌తో జర్మనీకి చెందిన సిమోన్ బ్లూమ్ విజేతయయ్యెను.

అపరిచితమైన గుఱ్ఱముపై పరీక్ష ఎంత దూరము పోవచ్చునో 2021లో టోక్యో ఒలింపిక్స్‌లో లోకమంతయు చూచెను. ఆధునిక పంచక్రీడలో చీట్లు వేసి గుఱ్ఱమును కేటాయించుచుండిరి. పరిచయమునకు ఇరువది నిమిషములు. అంతవరకు అందఱికంటె ముందున్న జర్మనీ క్రీడాకారిణి అన్నికా ష్లోయ్‌కు సెయింట్ బాయ్ అను గుఱ్ఱము వచ్చెను. అది అడ్డంకులను దాటనొల్లదయ్యెను. ఆమె ఏడ్చుచు కొరడా ఝళిపించెను. ఆమె శిక్షకురాలు గుఱ్ఱమును పిడికిట పొడిచి పోటీనుండి తొలగింపబడెను. ఆ యువతి యేండ్ల శ్రమ వ్యర్థమయ్యెను. ఆ గుఱ్ఱము బెదరిపోయెను. ఇద్దఱికిని న్యాయము జరుగలేదు. 2024 పారిస్ క్రీడల తరువాత పంచక్రీడ నుండి గుఱ్ఱపు స్వారినే తీసివేసిరి.

ఈ మార్పిడి పోటీని తలచుకొనినప్పుడు నేను చాలకాలము, "అంత చక్కని పరీక్షను చెఱచిరే!" అని చింతించితిని. అబ్బురమైన ఆ పదునాఱు దాటుళ్లు ఇక చూడలేము గదా యని ఇప్పటికిని కొంచెము విచారము కలదు. కాని కాకా నాకంటె ముందు గుఱ్ఱము నోరు చూచినది జ్ఞప్తికి వచ్చినప్పుడు ఆ విచారము నిలువదు. పరీక్ష మనుష్యునికి; దాని వెల చెల్లించినది నోరులేని జీవము. మన నేర్పును నిరూపించుకొనుటకు మఱియొకరి ప్రాణమును అరువు తెచ్చుకొనునపుడు, ఆ పరీక్ష ఎంత న్యాయమైనదైనను, దానికొక హద్దు ఉండవలెను.

కనుక ఆ చిరంజీవికి నా సమాధానమిది: నాయనా, తన గుఱ్ఱముపై గెలిచినవానిని మెచ్చుకొనుము. ఇతరుల గుఱ్ఱముపై గెలిచినవానిని అంతకంటె ఎక్కువగా మెచ్చుకొనుము. దిగిన పిమ్మట ఆ గుఱ్ఱము నోరు చూచి, నీళ్లు పెట్టి, యజమానికి పగ్గము మఱల అప్పగించువాడు కనబడినచో, అతడు గెలిచెనో ఓడెనో అడుగకుము. అతని కడ విద్య నేర్చుకొనుము. రాబోవు మాళేగాము జాతరలో బేరగాండ్ర నడుమ అట్టివారు ఒకరిద్దఱైనను నీకు కనబడకపోరు.